చదరంగ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల తిప్పల గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో సగానికి పైగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో, సర్వీసు రిజిస్టర్ల మధ్యనే గడిచింది. సాయంత్రాలు చదరంగం ముందు గడిచాయి. అందుచేత ఈ రెండింటికీ సంబంధం ఉన్న ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. దాదాపు తొంభై అయిదేళ్ళ క్రితం మన దేశం నుంచి ఇంగ్లండు వెళ్ళి, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళను ఓడించి, నాలుగయిదేళ్ళలోనే తిరిగివచ్చి పల్లెటూళ్ళో వ్యవసాయం చేసుకుంటూ కన్నుమూసినవారు.

ముందుగా నా చదరంగం సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే ఆయన పడిన కష్టం అర్థం కాదు.

నాకు ఈ ఆట నేర్పింది మా తాతయ్యగారు. వీధి అరుగు మీద నాపరాయిపై సుద్దతో గళ్ళు గీసి, కొయ్య పావులు పేర్చి ఆడేవారు. అది నాటు చదరంగం. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదలాలి. రాజు అంతవరకూ కట్టు తినకుండా ఉంటే, ఆట మొత్తానికి ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. చివరి గడికి చేరిన బంటు ఆ వరుసలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావే అవుతుంది గాని ప్రతిసారీ మంత్రి కాదు. రాజును ఏనుగు చాటున దాచే ఇంగ్లీషు పద్ధతి మాకు తెలియదు. నేను ఉద్యోగంలో చేరి రిక్రియేషన్ క్లబ్బులో మొదటిసారి ఆడినప్పుడు, రాజును గుర్రంలా దూకించగానే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రూల్సు ఇక్కడ చెల్లవన్నారు. తాతయ్య నేర్పింది మరచిపోయి మళ్ళీ నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నిజానికి నవ్వవలసింది వాళ్ళను చూసి. ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. రథ, గజ, తురగ, పదాతి దళాలు నాలుగూ ఉన్నాయి గనుక చతురంగం అన్నారు. బాణభట్టు ఏడవ శతాబ్దంలోనే హర్షచరిత్రలో దీన్ని ప్రస్తావించాడు. ఇక్కడి నుంచి పారశీకం వెళ్ళింది, అక్కడి నుంచి అరబ్బులకు, వారి ద్వారా ఐరోపాకు చేరింది. పదిహేనవ శతాబ్దం చివర ఐరోపావారు మంత్రికీ శకటుకీ ఇప్పటి బలం ఇచ్చారు. ఆ తరువాత తెల్లవారి వెంట సముద్రం దాటి మళ్ళీ మన ఇంటికే వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఇంట్లోవాళ్ళకే కొత్త మర్యాదలు నేర్పినట్లయింది. ఆ కొత్త మర్యాదలు నేర్చుకుని, నేర్పినవారినే ఓడించినవారు సుల్తాన్ ఖాన్.

ఆయన పుట్టిన ఊరు మిఠా తివానా. పంజాబులో సర్గోధాకు దగ్గర, ఇప్పుడు పాకిస్తాన్లో ఉంది. పుట్టిన సంవత్సరం 1903 అని కొందరు, 1905 అని కొందరు రాశారు. పుట్టిన తేదీ దగ్గరే తేడా వచ్చిన మనిషి రికార్డు తరువాత కూడా సవ్యంగా ఉండదని నా అనుభవం. ఈయన విషయంలోనూ అదే జరిగింది. తండ్రి మియా నిజాముద్దీన్ మత పెద్ద, మంచి ఆటగాడు. కొడుకుకు తొమ్మిదో ఏట ఆట నేర్పారు, మన పద్ధతి ఆటే. ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి పంజాబు మొత్తంలో ఆ కుర్రవాణ్ణి మించినవాడు లేడన్న పేరు వచ్చింది.

ఆ పేరు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా చెవిన పడింది. ఆయన పెద్ద భూస్వామి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆంగ్లేయుల పక్షాన సేవ చేసి, సైన్యంలో పెద్ద గౌరవ హోదా పొందినవారు. చదరంగమంటే ప్రాణం. ఆయన కుమారుడు ఖిజర్ హయాత్ తరువాత కాలంలో పంజాబు ప్రధానమంత్రి అయ్యారు. ఇంతటి కుటుంబం పెద్ద సుల్తాన్ ఖాన్‌ను తన వద్దకు పిలిపించుకుని, పోషణ భారం వహించి, ఐరోపా పద్ధతి ఆట నేర్పించారు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ తొమ్మిది ఆటలు ఆడి ఎనిమిది గెలిచారు, ఒకటి డ్రా చేశారు. ఓటమి లేదు.

మరుసటి సంవత్సరం, 1929 వసంతంలో, సర్ ఉమర్ ఆయనను వెంటబెట్టుకుని లండన్ వెళ్ళారు. ఇండియా వ్యవహారాల మంత్రికి సలహా ఇచ్చే కౌన్సిలులో సభ్యత్వం ఉండడంతో సర్ ఉమర్ అక్కడ ఉండవలసి వచ్చేది. కొత్తగా వచ్చిన ఆటగాడికి అలవాటు కావాలని అక్కడివారు ఒక చిన్న శిక్షణ పోటీ పెట్టారు. అందులో సుల్తాన్ ఖాన్ చివరి స్థానంలో మిగిలారు. కారణం స్పష్టమే. ఐరోపావారు మొదటి పది పదిహేను ఎత్తులు పుస్తకాల్లో చదివి వస్తారు. నాలుగు వందల ఏళ్ళుగా కూడబెట్టిన విద్య అది. ఈయన దగ్గర ఆ పుస్తకాలు లేవు. పైగా మన పద్ధతిలో బంటు ఒక్కో గడే కదులుతుంది గనుక సేనలు ఎదురుపడడానికి సమయం పడుతుంది, తొందర ఉండదు. ఇంగ్లీషు ఆటలో బంటు మొదటే రెండు గళ్ళు దూకుతుంది. మూడో ఎత్తుకే తగాదా మొదలు.

శిక్షణ పోటీలో ఆయనకంటే పైన నిలిచిన విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆటగాళ్ళే, ఆ తరువాత ఆయన పక్కన కూర్చుని సాధన చేయించారు. వారి మంచితనం చెప్పుకోవాలి. ఆ వేసవిలో రామ్స్‌గేట్ అనే సముద్రతీరపు ఊళ్ళో బ్రిటిష్ చాంపియన్‌షిప్ పోటీ జరిగింది. సామ్రాజ్యంలోని వాళ్ళందరికీ ప్రవేశం ఉన్న పోటీ. అందరూ విస్తుపోయేట్టు సుల్తాన్ ఖాన్ గెలిచారు. ఓడ దిగి నిండా నాలుగు నెలలు కాలేదు.

ఆ ఏడు చివర దేశానికి వచ్చి, 1930లో మళ్ళీ వెళ్ళారు. ఇక అక్కడి నుంచి మూడున్నరేళ్ళు ఆయనకు ఎదురులేని కాలం అనే చెప్పాలి. బెల్జియంలోని లియేజ్ పోటీలో టార్టకోవర్ తరువాత రెండో స్థానం. 1931 జనవరిలో అదే టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పందెం పెట్టుకుని నాలుగు గెలిచి, మూడు ఓడి, అయిదు డ్రా చేసి పైచేయి సాధించారు. 1932లో లండన్ పోటీలో ప్రపంచ చాంపియన్ అలెఖిన్ మొదటివాడు, ఫ్లోర్ రెండోవాడు. మూడో స్థానం అమెరికా వాడైన కష్దాన్‌తో కలిసి మనవాడిది. అలెఖిన్ అంటే ఆ రోజుల్లో ఎదురుగా కూర్చోవడానికే జంకేవారు.

అన్నింటికన్నా గొప్పగా చెప్పుకునే ఆట 1930-31 క్రిస్మస్ రోజుల్లో ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో జరిగింది. ఎదుటివాడు క్యూబా దేశస్థుడు కాపాబ్లాంకా. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ చాంపియన్. ఏళ్ళ తరబడి ఒక్క ఆట కూడా ఓడని మనిషి. ఆయన్ని ఓడించడం అంటే రాతిగోడను తలతో కొట్టడమే అనుకునేవారు. సుల్తాన్ ఖాన్ తెల్లపావులతో ఆడి, తొందర లేకుండా, ఒక్కొక్క గడే ఆక్రమించుకుంటూ, అరవై అయిదు ఎత్తుల్లో ఆయన ఆట కట్టించారు. ఆ ఎత్తులు నా మనవడు సెల్‌ఫోన్లో చూపించాడు. నేను బల్లమీద పావులు పెట్టుకుని మూడు సాయంత్రాలు ఆడి చూశాను. మాయ ఏమీ కనబడదు. ఎదుటివాడు ఊపిరాడక ఒక్కో అడుగే వెనక్కి వెళ్ళడం కనబడుతుంది. మా తాతయ్యగారి అరుగు మీది ఆట అలాగే ఉండేది. కాపాబ్లాంకా మెప్పు విషయంలో పిసినారి. అటువంటివాడు కూడా సుల్తాన్ ఖాన్‌ను మేధావి అని రాశాడు.

ఇంగ్లండు జట్టులో మొదటి బోర్డు మీద ఈయన్నే కూర్చోబెట్టారు. దేశాల మధ్య జరిగే ఒలింపియాడ్ పోటీల్లో 1930లో హాంబర్గ్‌లోనూ, 1931లో ప్రేగ్‌లోనూ, 1933లో ఫోక్‌స్టోన్‌లోనూ ఆడారు. మొదటి బోర్డు అంటే ప్రతి దేశం నుంచీ ఆ దేశపు మొనగాడే ఎదురుపడతాడు. ప్రేగ్‌లో పదిహేడు ఆటల్లో ఎనిమిది గెలిచి, ఏడు డ్రా చేసి, రెండే ఓడారు. ఓడిపోయినవారిలో ఫ్లోర్, రూబిన్‌స్టైన్ వంటి ఉద్దండులున్నారు. అలెఖిన్‌తో డ్రా. బ్రిటిష్ చాంపియన్‌షిప్ 1932లో మళ్ళీ గెలిచారు, 1933లో మరోసారి గెలిచారు. నాలుగుసార్లు పోటీచేసి మూడుసార్లు గెలిచిన లెక్క. ఇది గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళి వచ్చిన కాలం. మనల్ని పాలించేవారి సొంత ఊళ్ళో, వారి సొంత బిరుదు ఒక భారతీయుడి దగ్గర ఉండేది. వాళ్ళ జట్టుకు ఆ భారతీయుడే ముందు నడిచేవాడు.

ఇంకో ముచ్చట. 1933లో హేస్టింగ్స్‌లోనే జరిగిన బ్రిటిష్ మహిళల పోటీలో ఫాతిమా అనే యువతి గెలిచింది. ఆమె కూడా సర్ ఉమర్ ఇంటి పరివారం నుంచి వచ్చినదే. ఒకే ఏడు, ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరు భారతీయులు సామ్రాజ్యపు రెండు బిరుదులూ పట్టుకుపోయారు. ఈ సంగతి మన స్కూలు పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు.

ఇంత గెలుపులోనూ ఆయనకు సుఖం లేదు. ఇంగ్లండు చలీ, తేమా ఒంటికి పడలేదు. మలేరియా, జలుబు, గొంతు నొప్పి విడవకుండా పీడించాయి. మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని వచ్చి ఆడేవారని చూసినవారు రాశారు. భాష రాదు. ఇప్పుడంటే పరాయి దేశంలో ఉన్న పిల్లలతో రోజూ మొహం చూసి మాట్లాడుతున్నాం గాని, ఆ రోజుల్లో ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే వారాలు పట్టేది. 1933 చివర సర్ ఉమర్‌తో పాటు దేశానికి తిరిగి వచ్చినప్పుడు, చెరసాల నుంచి బయటపడినంతగా సంతోషించారని ఫాతిమా చాలా ఏళ్ళ తరువాత చెప్పింది.

తిరిగి వచ్చాక 1935లో ఖాదిల్కర్ అనే ఆటగాడితో పది ఆటలు ఆడి తొమ్మిది గెలిచారు, ఒకటి డ్రా. ఆ తరువాత పెద్ద పోటీల్లో ఆయన పేరు కనబడదు. విదేశాల్లో ఆడిన కాలం అంతా కలిపితే అయిదేళ్ళు నిండలేదు. మన లెక్కలో పెన్షనుకు కావలసిన పదేళ్ళ క్వాలిఫైయింగ్ సర్వీసులో సగం. ఆ అయిదేళ్ళలోనే ఆయన ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకరని ఆట తెలిసిన పండితులు అంచనా వేశారు.

1944లో సర్ ఉమర్ కాలం చేశారు. 1947లో దేశం రెండయింది. సుల్తాన్ ఖాన్ సొంత గడ్డ మీదే, సర్గోధా ప్రాంతంలోనే, వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయారు. పిల్లలకు మాత్రం చదరంగం నేర్పలేదు. ఇంతకన్నా పనికివచ్చేది ఏదైనా చేసుకోండని చెప్పేవారని ఆయన పెద్ద కుమారుడు తరువాత చెప్పాడు. ఆ మాట చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. కాపాబ్లాంకాను గెలిచినవాడు కన్నబిడ్డలతో ఆ మాట అన్నాడంటే లోపల ఎంత చేదు మిగిలిందో ఎవరికి తెలుసు! లేదా, పదుగురిని పోషించవలసిన రైతుగా ఉన్నమాటే చెప్పారేమో. 1966 ఏప్రిల్ 25న క్షయ వ్యాధితో కన్నుమూశారు.

ఇక రికార్డు సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

1950లో ప్రపంచ చదరంగ సమాఖ్య, ఫిడే అంటారు దాన్ని, మొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ప్రకటించింది. జాబితాలో ఇరవై ఏడు పేర్లున్నాయి. అప్పుడు ఆడుతున్నవారికే కాదు, ఆట మానేసి చాలాకాలమైన పెద్దలకు కూడా పాత సేవలను లెక్కించి ఇచ్చారు. సుల్తాన్ ఖాన్ ప్రేగ్‌లో ఓడించిన రూబిన్‌స్టైన్ అందులో ఉన్నాడు. పన్నెండు ఆటల పందెంలో ఓడించిన టార్టకోవర్ ఉన్నాడు. ఫ్లోర్ ఉన్నాడు. సుల్తాన్ ఖాన్ పేరు లేదు. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. ఇంకా పదహారేళ్ళు బతికారు. సీనియారిటీ జాబితాలో పేరు జారిపోతే ఆ మనిషి వచ్చి గుమాస్తా బల్ల ముందు నిలబడి అడగాలి. సర్గోధా పల్లెలోని రైతు ఎవరి బల్ల ముందు నిలబడతాడు?

రెండోది ఇంకా పెద్దది. పుస్తకాల్లో ఆయన గురించి తరచు కనబడే ఎంట్రీ ఏమిటంటే, చదువురాని నౌకరు అని. దీనికి ముఖ్యమైన ఆధారం అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ రాసిన ఒక జ్ఞాపకం. 1933 ఫోక్‌స్టోన్ పోటీ తరువాత అమెరికా జట్టును సర్ ఉమర్ లండన్ ఇంటికి భోజనానికి పిలిచారట. వచ్చినవారికి నాలుగు పేజీల అచ్చు కాగితం ఇచ్చారట. అది సర్ ఉమర్ జీవితచరిత్ర, ఆయన ఘనకార్యాల పట్టిక. వారంతా ఎవరి కారణంగా ఆ ఇంటికి వచ్చారో ఆ సుల్తాన్ ఖానే నిలబడి వారికి వడ్డించారట. ప్రపంచపు మేటి ఆటగాడు తమకు పళ్ళెం అందిస్తుంటే ఎలా తినాలో తోచలేదని ఫైన్ ఇబ్బంది పడ్డాడు. ఈ కథ పుస్తకం నుంచి పుస్తకానికి పాకింది. 2020లో ఆయన మీద ఒక పెద్ద జీవితచరిత్ర వెలువడింది. దాని పేరులోనే నౌకరు అన్న మాట ఉంది.

అదే సంవత్సరం ఆయన మనవరాలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తమ తాతగారు నౌకరు కారనీ, చదువు లేనివారు కారనీ, భూములున్న పెద్ద కుటుంబంలో పుట్టారనీ, సర్ ఉమర్ దగ్గర ఉన్నది చదరంగం కోసం భత్యమూ బసా తీసుకునే ఆటగాడిగానేననీ రాశారు.

ఏది నిజమని నేను తీర్పు చెప్పలేను. కాని ముప్పై నాలుగేళ్ళు కాగితాలు సరిచూసినవాణ్ణి గనుక కొన్ని విషయాలు కంటికి ఆనుతాయి. ఫైన్ సర్ ఉమర్‌ను మహారాజు అని రాశాడు. సర్ ఉమర్ భూస్వామే గాని ఏ సంస్థానానికీ మహారాజు కారు. ఇంటి యజమాని హోదాయే తప్పు రాసిన సాక్షి, ఇంట్లో తిరిగే మనిషి హోదా సరిగ్గా పట్టుకున్నాడని నమ్మడమెలా? మరొకటి, సుల్తాన్ ఖాన్ తన ఆట ఎత్తులను హిందుస్తానీలో రాసుకునేవారని కూడా ఫైనే రాశాడు. రోజూ ఎత్తులు రాసుకునే మనిషిని చదువురానివాడని ఎలా అంటాం? ఇంగ్లీషు రాదని వేరు, చదువు రాదని వేరు. ఈ రెండింటినీ ఒకటి చేసి చూడడం తెల్లవారికే కాదు, మన ఆఫీసుల్లోనూ ఉన్న అలవాటే. వడ్డించడం సంగతి కూడా ఆలోచించండి. మన ఇళ్ళల్లో పెద్ద అతిథులు వస్తే ఇంటి కొడుకే నిలబడి వడ్డిస్తాడు. అది గౌరవమో, దాస్యమో బయటివాడు ఒక్కపూట భోజనంలో చెప్పగలడా? కావచ్చు, నిజంగానే ఆయన్ని చిన్నచూపు చూసే ఉండవచ్చు. ఆ రోజుల్లో పెద్ద భూస్వాముల కొలువులు ఎలా ఉండేవో మనకు తెలియనిది కాదు. కాని ఆయన్ని ఒక్కసారైనా కూర్చోబెట్టి, అయ్యా, నీవెవరివి అని అడిగి రాసుకున్న వాంగ్మూలం నేను చదివినంతలో నాకు దొరకలేదు. అందరూ ఆయన గురించి రాశారు. ఆ ఇంట్లో నాలుగు పేజీల అచ్చు కాగితం మాత్రం యజమానిదే.

2024 ఫిబ్రవరిలో ఫిడే సుల్తాన్ ఖాన్‌కు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. చనిపోయి యాభై ఎనిమిదేళ్ళు కావస్తుండగా! సమాఖ్య అధ్యక్షుడు స్వయంగా పాకిస్తాన్ వెళ్ళి, ఆనాటి ఆపద్ధర్మ ప్రధాని చేతికి అందజేశారు. పాకిస్తాన్‌కు అదే తొలి గ్రాండ్‌మాస్టర్ బిరుదు. మన భాషలో చెప్పాలంటే నోషనల్ ప్రమోషన్. బకాయిలు లేవు, అనుభవించే మనిషీ లేడు. అయినా పొరపాటు ఎంట్రీ దిద్దారు, అంతవరకు సంతోషం. ఆయన అఖిల భారత విజేత, ఇంగ్లండు జట్టు నాయకస్థానపు ఆటగాడు, పాకిస్తాన్ గ్రాండ్‌మాస్టర్. మూడు జెండాలు ఆయన్ని తమవాడనుకోవచ్చు. అందులో తప్పులేదు. అదే 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో భారత పురుషుల జట్టూ, మహిళల జట్టూ రెండూ బంగారు పతకాలు గెలిచాయి. మన తెలుగు బిడ్డలు అర్జున్, హరికృష్ణ, హారిక ఆ జట్ల సభ్యులు. వాళ్ళ మెడలో పతకాలు చూస్తుంటే, మెడకు గుడ్డ కట్టుకుని ఇంగ్లండు చలిలో ఒంటరిగా కూర్చున్న ఆ పంజాబీ నాకు గుర్తుకొచ్చాడు.

ఇంతటితో ముగించవచ్చు. కాని నా మనసులో ఒక బరువు ఉంది. అది కూడా దించుకుంటాను.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక అటెండరు ఉండేవారు. పేరు రాయడం లేదు. ఆ రోజుల్లో నాతో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. ఆయన కూడా నాలాగే నాటు చదరంగం నేర్చి వచ్చినవారు. నాకు ఏడాది పట్టిన కొత్త రూల్సు ఆయనకు వారం పట్టాయి. మధ్యాహ్నం భోజనాల వేళ రికార్డు గది పక్కన ఆడితే మా సెక్షన్లో ఎవరమూ ఆయన ముందు నిలిచేవాళ్ళం కాము. క్యాంపులకు వెళ్ళినప్పుడు అధికారులు పిలిచి ఆడించేవారు. బెల్లు మోగితే ఆట మధ్యలో లేచి వెళ్ళి టీ అందించి వచ్చి, నిలబడే తరువాతి ఎత్తు వేసేవారు. ఆయన ఎదుట ఉన్న కుర్చీ ఖాళీగానే ఉండేది. కూర్చోమని మేమెవరమూ అనలేదు. నేను కూడా అనలేదు.

ఆయన రిటైరయిన రోజున సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. విధేయుడు, సమయపాలన గలవాడు, ఎప్పుడూ చిరునవ్వు చెరగనివాడు, చక్కని టీ ఇచ్చేవాడు అని రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. చదరంగం గురించి ఒక్క ముక్క రాయలేదు. మరచిపోయి కాదు. అధికారులను ఆటలో ఓడించాడని అందరిముందు చదివితే బాగుండదని అనిపించింది. ఫ్రేము కట్టించి ఇచ్చిన ఆ పత్రం వారింటి గోడకు ఉంది. ఆయన పోయిన తరువాత పరామర్శకు వెళ్ళినప్పుడు చూశాను. వాళ్ళ మనవడు దాన్ని పైకి చదివి వినిపించాడు. వాళ్ళ తాతగారి గురించి ప్రపంచం రాసిన కాగితం అదొక్కటే, దాన్ని రాసింది నేను. ఆ పిల్లవాడికి ఆయన ఆట సంగతి తెలుసో లేదో అడగడానికి నోరు రాలేదు.

సుల్తాన్ ఖాన్ మనవరాలు తన తాతగారి కోసం కలం పట్టారు. ఆమెకు చదువు ఉంది, వినేవారు ఉన్నారు. అందరికీ అటువంటి మనవరాళ్ళు ఉండరు. అందుకని ఈ పత్రికలో, ఆలస్యంగానైనా, నా చేతితో రాస్తున్నాను. మా ఆఫీసులోని ఆ అటెండరు నేను చూసినవారందరిలోకీ గొప్ప చదరంగ ఆటగాడు. ఈ సంచిక ఒక ప్రతి వారి ఇంటికి నేనే తీసుకువెళ్ళి ఆ పిల్లవాడి చేతిలో పెడతాను. వీలైతే ఒక ఆట కూడా ఆడి వస్తాను. ఈసారి ఇద్దరమూ కూర్చునే ఆడతాం.

సభ్య మిత్రులకు ఒక్క మనవి. మన పత్రికలో శ్రద్ధాంజలి శీర్షికకు వివరాలు పంపేటప్పుడు హోదా, పనిచేసిన ఆఫీసు, రిటైరయిన తేదీతో ఆపవద్దు. ఆ మనిషికి ఏమి వచ్చో, దేనిలో మేటియో కూడా ఒక వాక్యం రాయండి. వీలైతే వారు ఉండగానే అడిగి రాసుకోండి. మనం రాసిందే రేపు వారి మనవలు చదువుతారు.

సెలవు.